కొండమీద అయిదుగురు



మన అక్కరల కొరకు మనము చేసికొను ప్రార్థన ఒకటి. పరుల కొరకు చేయు విజ్ఞాపన మరియొకటి. మొదటిది ఆకలిగొన్న బిడ్డ తల్లిని అడుగుట వంటిది. రెండవది ప్రభువు చెప్పిన ఉపమానములోని మనుష్యుని పని. అతడు అర్ధరాత్రివేళ స్నేహితుని తలుపు తట్టి రొట్టెలు అడిగినది తన కడుపు కొరకు కాదు, తన యింటికి వచ్చిన అతిథి కొరకు (లూకా 11). ఇట్టి ప్రార్థన మన తెలుగు నేలమీద ఏమి చేసెనో తెలిసికొనగోరువారు ఒంగోలు చరిత్రను చదువవలెను. ఈ కథను మనలో అనేకులు ఆదివారపు బడిలోనే విన్నారు. అయినను దానిలో మనము గమనింపక విడిచిన సంగతులు కొన్ని కలవు.

అమెరికా బాప్తిస్టు మిషను పక్షమున శామ్యూల్ డే దొరగారు 1836లో విశాఖపట్టణమున దిగి, 1840లో నెల్లూరు చేరిరి. లైమన్ జ్యూయెట్ దొరగారు 1849లో వచ్చిరి. సంవత్సరములు గడచెను గాని ఫలము మిక్కిలి స్వల్పము. ఈ మిషనును మూసివేయుదమా అను ప్రశ్న అమెరికాలోని పెద్దల యెదుటికి 1848లో వచ్చెను, 1853లో మరల వచ్చెను. ఆ రెండవమారు, గోడమీది పటములో తెలుగు దేశమునకు గుర్తుగా ఒకే ఒక నక్షత్రముండుట చూచి, శామ్యూల్ స్మిత్ అను కవి ఒంటరి నక్షత్రమును గూర్చి ఒక పద్యము వ్రాసెను. మిషను నిలిచెను. "లోన్ స్టార్" అను పేరు దానికి అట్లు కలిగినదే.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారక మునుపు ఒంగోలు ప్రక్కనున్న కొండను అయిదుగురు ఎక్కిరి. వారు జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య యుఫీమియా దొరసానిగారు, నరసు అను తెలుగు సహోదరుడు, జూలియా, రూతు అను ఇద్దరు తెలుగు సహోదరీలు. యెషయా 52వ అధ్యాయము చదివి, ఒకరి తరువాత ఒకరుగా అయిదుగురును ప్రార్థించిరి. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని వారు ప్రభువును వేడుకొనిరి. క్రింద నాగజెముడు పెరిగిన ఒక మెరకను చూపి, అక్కడ మిషను బంగళా లేచినయెడల బాగుండునని జ్యూయెట్ దొరగారు చెప్పిరి.

ఇచ్చట రెండు సంగతులు గమనింపుము. మొదటిది, ఆ అయిదుగురిలో ముగ్గురు తెలుగువారు. కొండ పేరు చెప్పగానే దొరగారినే తలంచుట మనకు అలవాటు. తన జనుల కొరకు మొఱ్ఱపెట్టిన నరసును, జూలియాను, రూతును మరచితిమి. రెండవది, వారెవరికిని ఒంగోలు స్వస్థలము కాదు. నెల్లూరిలో తమ సొంత పనియే నిలుచునో నిలువదో తెలియని దినములలో, డెబ్బది మైళ్లకు పైబడిన వేరొక ఊరి కొరకు వారు అడిగిరి.

జవాబు మరునాడు రాలేదు, మరుసటి యేడును రాలేదు. 1862లో మిషనును మూసివేయుమాట మూడవమారు లేచెను. అప్పుడు స్వదేశములో నున్న జ్యూయెట్ దొరగారు, ఎవరు తోడు వచ్చినను రాకున్నను తాను తిరిగి పోయి తెలుగువారి మధ్యనే మరణించెదనని పట్టుబట్టిరి. ఆ పట్టుదలకు పెద్దలు లోబడిరి. 1865లో ఆయన వెంట జాన్ క్లౌ అను యువకుడు నెల్లూరికి వచ్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురముండెను. కొండమీది ప్రార్థనకును దీనికిని నడుమ పన్నెండేండ్లకు పైగా గడచెను. ఈ క్లౌ పుట్టినది 1836లో, అనగా డే దొరగారు మన దేశమున దిగిన యేటనే. కొండమీద ప్రార్థన జరిగిన దినమున అతడు పదునేడేండ్ల కుర్రవాడు. క్రీస్తును ఇంకను ఎరుగడు.

వచ్చిన జవాబు అడిగిన రూపములో నుండెనా? 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను. క్లౌ దొరగారు మొదట బ్రాహ్మణ బాలురకు బడి పెట్టి, అగ్రవర్ణములవారు వత్తురని ఆశించిరి. వచ్చినవారు మాదిగలు. తోళ్ల వర్తకుడైన యెర్రగుంట్ల పేరయ్యగారు ముందుగా నమ్మి, తాళ్లకొండపాడులో తనవారికి సువార్త చెప్పెను. 1867 జనవరిలోనే అక్కడ 28మంది బాప్తిస్మము పొందిరి. మాదిగలు చేరినయెడల తాము రామని పైవర్ణములవారు తెలియజేసిరి. ఆ సమయమున దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీ 1వ అధ్యాయములోని ఒకే భాగము కనబడెనని ఆయనయే చెప్పియున్నారు. లోకము తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకొనెనను ఆ మాటకు వారు తలవంచిరి. పైవర్ణపు బాలురు బడి విడిచిపోయిరి. ప్రార్థించువాడు దేవుని చేతిని నడిపింప జూడరాదు.

తరువాత ధాత కరువు, 1876 మొదలు 1878 వరకు. పూర్వము సర్వేయరు పని చేసిన క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించిరి. అక్కడ తెలుగు బోధకులే మేస్త్రీలు. పగలు పని చూచుచు, విరామమున సువార్త చెప్పిరి. కరువు తీరిన పిమ్మట, 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్క దినమున 2,222మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు పాదుర్లు, ఇద్దరిద్దరు చొప్పున. జూన్ నడుమ మొదలు జూలై కడవరకు లెక్క 8,691.

చదువరీ, ఇది ప్రార్థనాఫలమా, కరువు ఫలమా అని అడుగువారు నాడును కలరు, నేడును కలరు. ఆ ప్రశ్నను కసరి త్రోసివేయుట తగదు. క్లౌ దొరగారే దానికి భయపడి, సహాయము పంచిన పదునైదు నెలలు ఒక్కనికిని బాప్తిస్మమియ్యక ఆపిరి. కూటి కొరకు వచ్చువాడు కూడు ముగియగానే పోవును. ఇక్కడ కూలియు సహాయమును ముగిసిన పిమ్మటనే జనులు గుంపులుగా వచ్చిరి. తమతో మన్ను తవ్వినవారి మధ్య, ఏండ్ల తరబడి పల్లెపల్లె తిరిగిన పేరయ్య వంటివారి మాటలలో, వారు తమకును ఘనత నిచ్చు దేవుని కనుగొనిరి. విజ్ఞాపన చేయుట యనగా పని మానుకొనుట కాదని ఆ కాలువ సాక్ష్యమిచ్చుచున్నది.

ఇంకొక మాట. మొదట విత్తిన డే దొరగారు 1871లో అమెరికాలో మరణించిరి. గుండ్లకమ్మ యొడ్డున జరిగినదానిని ఆయన చూడలేదు. తాను కోయని పంట కొరకు మోకరించుట విజ్ఞాపకుని భాగ్యము.

ఒంగోలు మనకు దూరమని తలంచెదవేమో. ఆ మిషనే 1875లో సికింద్రాబాదున పని ఆరంభించెను. నేడు మన గోపన్‌పల్లి చుట్టును అద్దాల మేడలు లేచినవి. ఒంగోలు, నెల్లూరు బిడ్డలనేకులు కంప్యూటరు ఉద్యోగములకు ఇక్కడికి వచ్చియున్నారు. మన ప్రార్థన కూటములలో వినవచ్చు మనవులను లెక్కించి చూడుము: ఉద్యోగము, వీసా, ఇంటి అప్పు, బిడ్డ సీటు. ఇవి అడుగుట తప్పు కాదు; అనుదినాహారము అడుగుమని ప్రభువే నేర్పెను. అయితే ఆ మేడలు కట్టుటకు పాలమూరునుండియు ఒడిశానుండియు వచ్చి రేకుల గుడిసెలలో నుండువారి పేరు ఎవరి పెదవులపైనున్నది? రాత్రి గేటువద్ద కావలియుండు వృద్ధుని కొరకు ఎవరు ఉదయమున లేచుచున్నారు?

కనుక ఈ నెలలో ఒక పని చేయుము. నీకు బంధువు కాని ఒక మనుష్యుని పేరు, నీ సొంతము కాని ఒక ఊరి పేరు కాగితముపై వ్రాసికొని, బైబిలులో ఉంచుకొనుము. నీ ఇంటిలో మరి ఇద్దరు ముగ్గురిని చేర్చుకొనుము; కొండమీద నుండినవారు అయిదుగురే గదా. ఒక సంవత్సరము విడువక అడుగుము. జవాబు ఆలస్యమైనను కాగితము చింపివేయకుము. జవాబు నీవు తలంచిన తలుపున గాక వేరొక తలుపున వచ్చినయెడల దానిని తెరువుము. దేవుడు నీ చేతికి పార నిచ్చినయెడల వెనుదీయకుము.

తన శ్రమలోను మన కొరకు విజ్ఞాపన చేసిన ప్రభువు ఆ భారమును మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.