కాకిబంగారమునుండి పింగాణి పొరవరకు

అభ్రకమును తెలుగు పల్లెలలో కాకిబంగారమందురు. పేరులో కొంత వెటకారము కలదు. కాని రేడియో యుగమున దేశములు పోటీపడి కొన్న సరుకు ఈ కాకిబంగారమే. నాటి బీహారులోని కోడర్మా గనులనుండి, నెల్లూరు సీమలోని గూడూరు గనులనుండి వెళ్లిన అభ్రకపు రేకులు రేడియో కెపాసిటర్లకు ప్రాణము. రెండవ ప్రపంచయుద్ధకాలమున రేడియో, రాడార్ యంత్రముల గిరాకి హెచ్చగా, సముద్రములు దాటి రావలసిన ఈ ఖనిజముపై ఆధారపడుట ఇతర దేశములకు భయకారణమైనది.

ఆ భయము అన్వేషణకు దారితీసినది. 1941-44 నడుమ అమెరికా, రష్యా, జపానులలో శాస్త్రజ్ఞులు, ఎవరికి వారే, బేరియం టైటనేట్ అను పింగాణి యొక్క అసాధారణ గుణమును కనుగొన్నారు. విద్యుదావేశమును నిలుపుకొను శక్తిని తెలుపు రోధక స్థిరాంకము అభ్రకమునకు సుమారు 6. దీనికి 1,000కి పైన.

అయితే ఈ శక్తి నిలకడలేనిది. 120 డిగ్రీల సెంటిగ్రేడు దాపున శిఖరమెక్కి, ఆపై దిగజారును. దానిని దారికి తెచ్చినది అన్యధాతువుల కలయిక. బేరియం పరమాణువులలో నూటికి 30 తొలగించి స్ట్రాన్షియం నిలిపినచో, ఆ శిఖరము గదివేడిమికి దిగివచ్చును. మాంగనీసు చిటికెడైనను చాలును; విద్యుత్తు కారిపోకుండ ఆపును. ఇనుము చేరినచో నిర్మలమైన స్ఫటికము వెలుగును పీల్చి గోధుమవన్నె దాల్చును. ఈ స్వల్పమిశ్రమమునే డోపింగు అందురు. పాలలో తోడు చుక్క వంటిది. కాని తోడువలె తాను పెరుగదు, చుట్టుపట్ల అమరికను మార్చును.

1970 ప్రాంతమున అమెరికాలోని శాండియా ప్రయోగశాలలో హార్ట్‌లింగ్, లాండ్ అనువారు సీసపు జిర్కొనేట్ టైటనేట్‌కు లాంథనం చేర్చి, కాంతికి అడ్డైన పింగాణిని పారదర్శకము చేసినారు. విద్యుత్తుతో దానిగుండ పోవు వెలుగును అదుపు చేయుట సాధ్యమైనది.

పింగాణిని మైక్రానుకన్న పలుచని పొరగా పరచినపుడు చిక్కు హెచ్చును. అడుగున నున్న ఆధారము పొరను లాగును; ముద్దలో కనిపించిన స్థిరాంకము పొరలో తరచు తగ్గును. ముద్దకు కుదిరిన పాళ్లు పొరకు కుదరకపోవచ్చును. కనుక ప్రతి పొరకును పాళ్లు కొత్తగా వెదకవలసినదే.

యుద్ధానంతర దశాబ్దములలో ఇట్టి ప్రత్యామ్నాయములు పెరుగగా అభ్రకపు వర్తకము క్షీణించినది. రేకులు చీల్చి బ్రదికిన వేలాది చేతులకు పని తగ్గినది. 1950లో కలకత్తాలో కేంద్ర గాజు, పింగాణి పరిశోధనాలయము ఆరంభమగుటను ఈ నేపథ్యమున తలచుకొనవలెను. గని ఇచ్చు సంపదకు కాలపరిమితి కలదు. దేనిలో ఏది ఎంత కలుపవలెనో ఎరిగిన చేతికి మాత్రము పని తరుగదు.