బాటయు బాటసారియు



నేను సికిందరాబాదునకు ఈశాన్యమున నున్న సైనిక్‌పురిలో నివసించుచున్నాను. సైన్యమునందు కొలువు చేసి విరమించినవారికై యేర్పడిన వాడ యిది. నేనును పదాతిదళమున పనిచేసినవాడనే గావున, నా ఆయుస్సులో ఎక్కువ భాగము నడకతోనే గడచినది. నేటికిని తెల్లవారకమునుపే లేచి కాప్రా చెరువు దిక్కునకు నడచి వచ్చుట నాకు వాడుక. దక్షిణమున మౌలాలీ గుట్ట కనబడుచుండును. పడమట కొన్ని మైళ్ళ దూరమున, మేడ్చలు మీదుగ నాగపురమునకు బోవు రాజమార్గము కలదు. ఇంచుమించు ఆ మార్గముననే 1830వ సంవత్సరమున, వానలు మొదలైన దినములలో, ఒక తెలుగు బాటసారి కాశీకి సాగిపోయెను. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. నేడు మీతో ముచ్చటింప దలచినది ఆ బాటసారిని గూర్చియు, అంతకంటె ముఖ్యముగ బాటను గూర్చియు.

వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రెటరు, అనగా ద్విభాషి. వికృతినామ సంవత్సరమున, 1830 మే 18వ తేదీన, ఇంచుమించు నూరుగురు పరివారముతో ఇల్లు వెడలెను. తిరుపతి, కడప, అహోబలము, శ్రీశైలము చూచుకొని, కృష్ణ దాటి హైదరాబాదు చేరెను. అటనుండి నిర్మల, నాగపురము, జబ్బల్‌పూరు, ప్రయాగ మీదుగ కాశికేగెను. మరలునప్పుడు గయయు కలకత్తాయు చూచి, జగన్నాథము మొదలు సముద్రతీరపు త్రోవ పట్టి, గంజాము, శ్రీకాకుళము, సింహాచలము, రాజమహేంద్రవరము, నెల్లూరు మీదుగ 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపురి చేరుకొనెను. పదునైదు మాసముల పదునైదు దినముల ప్రయాణము. త్రోవలో కన్నదియు విన్నదియు తన మిత్రుడగు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపుచుండెను. వీరాస్వామయ్యగారు 1836లో పరమపదించిరి. పిదప రెండేండ్లకు, 1838లో, శ్రీనివాసపిళ్ళ ఆ వ్రాతలను కాశీయాత్రచరిత్ర యను పేర అచ్చు వేయించెను. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మరల ప్రకటించి మన తరమున కందించిరి.

యాత్రాగ్రంథమనగా క్షేత్రమాహాత్మ్యములే యుండునని కొందరు తలతురు. ఈ గ్రంథమున అవియు కలవు. కాని నావంటి పదాతి చదివినప్పుడు కంటికి ముందుగ దగులునవి వేరు. ఏ మజిలీ ఎన్ని ఆమడలు, బాట రాతిదో ఇసుకదో, ఊరు పెద్దదో చిన్నదో, అంగళ్ళలో కావలసిన వస్తువులు దొరకునో లేదో, త్రాగు నీరెక్కడ, ఏరు దాటుటకు సాధనమేమి, ఇవి ఆయన అడుగడుగున గుర్తించెను. సైన్యము కదలునప్పుడు ముందు పోవు వేగులవాడు తెచ్చు సమాచారము సరిగా ఇట్టిదే. వెనుక రాబోవువాడు దప్పికతో పడిపోరాదను తలంపు అందు కలదు. ఇట్టి తలంపుతో వ్రాసిన వ్రాత చరిత్రకు పనికివచ్చును.

ఎట్లనగా వినుడు. ఆయన చూచినప్పటి సికిందరాబాదు వయస్సు ఇరువదినాలుగేండ్లు మాత్రమే. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేర వెలసిన దండుబజారు అది. ఆ నిజాము 1829లో గతింపగా నాసిరుద్దౌలా గద్దె నెక్కి యప్పటి కొక్క యేడాది. రైలు లేదు; సికిందరాబాదునకు రైలుబండి వచ్చినది 1874లో. తీరమునకు పోదము. రాజమహేంద్రవరమున గోదావరిని పడవపై దాటవలసినదే. ధవళేశ్వరపు ఆనకట్ట పని ఆరంభమైనది 1847లో, రైలువంతెన తెరచినది 1900లో. వీరాస్వామయ్యగారు తీరపు గ్రామములను చూచిన మరుసటి యేటనే, నందననామ సంవత్సరమున, 1832-33లో, గుంటూరుసీమను మహాక్షామము కబళించెను. లక్షకు మించిన జనము నశించిరి. పల్లెలకు పల్లెలు పాడువడెను. నందన కరవను మాట మీ తాతముత్తాతల నోట వినియే యుందురు. ఆ కరవునకు ముందు ఆ తీరభూమి ఎట్లుండెనో కన్నులార కని, దినదినము వ్రాసిపెట్టిన తెలుగువాడు మనకు కలడనుట సామాన్య విషయము కాదు. బాటసారి తెలియకయే సాక్షి యగును.

ఇక నొక మాట చెప్పక తప్పదు. వీరాస్వామయ్యగారు పల్లకిలో ప్రయాణము చేసిరి. నడచినవారు బోయీలు. పల్లకికి ఎనమండ్రు, నలుగురు మోయుచుండ నలుగురు ప్రక్కన నడచుట, భుజము మార్చుకొనుట వాడుక. మూట భుజమున నిడుకొని ఎండలో పదునైదు మైళ్ళు నడచిన అనుభవము నాకు కలదు. భుజము ఒరసికొని పోవుట ఎట్టిదో, పాదము పొక్కి చెప్పులో తడియగుట ఎట్టిదో నేనెరుగుదును. కాని నా భుజముపై మనుష్యుడు లేడు. కాశీవరకు పోయి వచ్చిన ఆ తెలుగు బోయీల పేరులు నేడు తలచువారు లేరు. ఆ పుస్తకమును చదువునప్పుడెల్ల, ఈ ఆమడల లెక్క వారి పాదములది గదా యని నాకు దోచును. ఇది ఆ మహనీయునిపై నింద గాదు. ఆ కాలపు ఆచార మట్టిది. ఆయన వ్రాయకున్న మనకీ మాత్రమును తెలియదు.

అదే 1830లో ఇంగ్లాండునందు మరియొక బాటసారి పుస్తకము అచ్చుపడినది. ఆయన పేరు విలియం కాబెట్టు. సేద్యగాని కుమారుడు, తొలి వయస్సున సైన్యమున కొలువు చేసినవాడు. గుఱ్ఱము నెక్కి ఇంగ్లాండు దక్షిణ మండలములలో పల్లెపల్లె తిరిగి, నేల ఎట్టిది, పైరు ఎట్టిది, కూలివాని కంచములో ఏమున్నది యని చూచి వ్రాసెను. ఆ దేశమన సిరిసంపదల కాటపట్టని మనము వినియుంటిమి. కాని ఊరుమ్మడి బీళ్ళు చట్టము పేర కంచెలలో చేరిపోవగా, పల్లెలలోని కూలిజనము ఆకటికి గురియైన కాలమది. ఆ సంవత్సరపు చివరిభాగముననే అచ్చటి కూలివారు కుప్పనూర్పు యంత్రములను పగులగొట్టి అలజడి చేసిరి. ఒకే యేట ఇచ్చట నొక ద్విభాషి, అచ్చట నొక మాజీ సైనికుడు, తమ తమ దేశముల పల్లెబాటలకు సాక్షులైరి.

ఆ ఇంగ్లాండు పల్లెబాటలలో నేనును కొంత నడచితిని. నా కుమారుని కుటుంబ మచ్చట నుండుటచే మూడు మాసములు ఉండివచ్చితిని. ససెక్సు మండలమున సముద్రపుటొడ్డున సుద్దమట్టి కొండలు గోడలవలె తెల్లగా నిలిచియుండును. ఏడు కొండలు వరుసగా నుండుటచే వానికి సెవెన్ సిస్టర్సు, అనగా ఏడుగురక్కచెల్లెండ్రు, అని పేరు. వాని శిఖరములపై పచ్చికలో కాలిబాట సాగుచుండును. ఆ దృశ్యము మనోహరమే. కాని నన్ను నిలువరించినది దృశ్యము గాదు. లోపలి పల్లెలలో ఒకచోట నిండుగ నెదిగిన గోధుమచేని నడుమనుండి మనుష్యుని వెడల్పున దారి తీసియుండెను. కంచె యున్నచోట దానిని దాటుటకు కొయ్యమెట్లు. ప్రక్కన నొక గుంజకు పలక. దానిపై ఇది ప్రజల కాలిబాట యను వ్రాత. పొలము ఒకరిది, బాట అందరిది. దున్నునప్పుడు రైతు ఆ బాటను దున్నవచ్చునట; కాని నియమితమైన దినములలో దానిని మరల నడువదగినట్లు సరిచేయవలెనట. అచ్చటి రైతు నొకనిని అడిగి తెలిసికొంటిని. అతడు విసుగుకొనలేదు. తన తాతయు ఆ త్రోవనే బడికి పోయెనని చెప్పెను.

ఈ హక్కు వారికి ఊరక రాలేదు. 1932 ఏప్రిలు 24వ తేదీన మాంచెస్టరు మొదలగు పట్టణముల శ్రామిక యువకులు కొన్నివందలమంది, కిండర్ స్కౌటు అను కొండబీడు మీదికి అనుమతి లేకయే నడచిపోయిరి. ఆ బీడు ధనికుల పక్షివేటకై కాపాడబడుచుండెను. నడచినవారిలో ఐదుగురికి చెరసాల శిక్ష పడెను. పదునేడేండ్లకు, 1949లో, జాతీయోద్యానములను గూర్చియు పల్లెసీమలలో ప్రవేశమును గూర్చియు పార్లమెంటు ఒక చట్టము చేసెను. ఆ చట్టము ననుసరించి ఊరూర బాటలను గుర్తించి పటములపై నెక్కించిరి. ఎవరి మాటపై గుర్తించిరనుకొంటిరి? పాత పటములు కొంత సాయపడెను. ఈ త్రోవను నేను చిన్ననాట నడచితిని, మా తండ్రి నడచెను అని చెప్పగలిగిన ఊరివారి మాట మరికొంత సాయపడెను. నేడు ఇంగ్లాండు, వేల్సు దేశములలో ప్రజలకు హక్కుగల ఇట్టి త్రోవలు సుమారు 1,40,000 మైళ్ళు కలవు. 2009లో మరియొక చట్టము చేసి, ఇంగ్లాండు సముద్రతీర మంతటను చుట్టివచ్చు కాలిబాటకును పూనుకొనిరి.

ఇప్పుడు మన ఊరికి వత్తము. సర్కారు జిల్లాలలో పుంత యందురు, డొంక యందురు. తెలంగాణమున బండ్లబాట యందురు. చెరువునకు, చేలకు, గుడికి, పొరుగూరి సంతకు, తుదకు శ్మశానమునకు పోవు త్రోవ లివియే. గ్రామ నక్షలో బండ్లబాటలు గీతలతో చూపబడియే యుండును. నక్షలో నున్న బాట నేలమీద ఉండుట అరుదగుచున్నది. ఒకడు ఒక సాలు లోపలికి దున్నును. మరుసటి యేట ఎదుటివాడు మరియొక సాలు. బాట నెవ్వరును ఒక్కనాడు దొంగిలింపరు. సాలుసాలుగ అది అరగిపోవును.

మా స్వగ్రామమున జరిగినది చెప్పెదను. కొన్నియేండ్ల క్రిందట మా పెదనాయన కాలము చేసెను. శ్మశానమునకు పోవు పాత బండ్లబాట అప్పటికే మడులలో కలిసిపోయినది. వానకాలము. పాడె మోసిన నలుగురిలో నే నొకడను. మోకాటిలోతు బురదలో, నాట్లు త్రొక్కకుండ గట్లు పట్టుకొని, త్రోవ వెదకుకొనుచు పోయితిమి. ఒకడు ఇటు బాట యనును, ఒకడు అటు చింతచెట్టు క్రిందుగ యనును. మడి గలవాడు అసలు బాటయే లేదనెను. ఆ బాట ఎచ్చటి నుండి ఎచ్చటికి పోయెనో, ఏ రాతియొద్ద మలుపు తిరిగెనో నిశ్చయముగ నెరిగినవాడు ఊరిలో ఒక్కడే మిగిలియుండెను. అతనినే మేము మోయుచుంటిమి.

ఆనాడు నా భుజమునకు బరువు తెలియలేదు, సిగ్గు తెలిసినది. ఆయన బ్రతికియున్నప్పుడు నేను సెలవులకు పోయి ఎన్నిమారులో ఆయన ప్రక్కన కూర్చుంటిని. యుద్ధముల మాటలు చెప్పితిని, పట్టణముల మాటలు చెప్పితిని. పెదనాయనా, మన బాట లెక్కడెక్కడ నుండెను, ఒకసారి నన్ను వెంటబెట్టుకొని నడచి చూపుమని అడుగనైతిని. పరదేశపు కాలిబాటను చూచి ముచ్చటపడిన నాకు, నా తాతలు పోయిన బాట తెలియదు.

పెద్దలారా, అందుచేత మిమ్ము నొక్కటి వేడుకొనుచున్నాను. పంటలు కోసి చేలు ఖాళీయైన దినములలో, గ్రామ నక్ష నొకటి సంపాదించి, చదువుకొను పిల్లలను ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకొని మీ ఊరి బాటలన్నియు నొక్కమారు నడువుడు. ఇచ్చట బాట వెడల్పెంత యుండెడిది, ఇచ్చట బావి యుండెడిది, ఇచ్చట సంతకు పోవు బండ్లు విడిసెడివి, అని మీరు చెప్పగా పిల్లలచే వ్రాయింపుడు. నడువలేనివారు అరుగుమీద కూర్చుండియే చెప్పవచ్చును. తగవునకు పోనక్కరలేదు, ముందు వ్రాత యున్న చాలును. వ్రాత లేని బాటకు సాక్ష్యము మీ జ్ఞాపకమే. అది మీతో పోవునది.

వీరాస్వామయ్యగారు కాశికి పోయి పుణ్యము గడించిరో లేదో ఈశ్వరునకెరుక. ఏ ఊరి వెనుక ఏ ఊరు, ఏ బాట ప్రక్క ఏ బావి యని వ్రాసిపెట్టిన పుణ్యము మాత్రము రెండువందల యేండ్లు కావచ్చినను తరుగలేదు. మీరు కాశికి పోనక్కరలేదు. మీ ఊరి పొలిమేరవరకు నడచిన చాలును.