తొలి కాన్పు, రొమ్ము క్యాన్సర్: కాలంతో మారే ముప్పు

సంతానానికీ రొమ్ము క్యాన్సర్‌కూ ముడి ఉందన్న అనుమానం పాతదే. ఈ జబ్బు క్రైస్తవ సన్యాసినుల్లో ఎక్కువగా కనిపిస్తోందని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 18వ శతాబ్దం తొలినాళ్లలోనే రాశారు. 1926లో బ్రిటన్‌కు చెందిన జేనెట్ లేన్-క్లేపన్ జబ్బున్న 500 మందినీ, లేని 500 మందినీ పోల్చి చూశారు. రోగుల్లో పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయి, కాన్పులు తక్కువ, బిడ్డకు పాలిచ్చిన కాలమూ తక్కువే. 1970లో బ్రయాన్ మెక్‌మాన్ బృందం ఏడు ప్రాంతాల మహిళలను పరిశీలించి అసలు కీలకం తొలి కాన్పు వయసని తేల్చింది. 18 ఏళ్లలోపు తల్లయిన వారి ముప్పు, 35 దాటాక తల్లయిన వారి ముప్పులో దాదాపు మూడో వంతే.

తొలి నిండు గర్భంతో పాలగ్రంథుల కణాలు పరిణతి చెందుతాయి. అంతవరకూ అవి హార్మోన్ల ప్రేరణకు త్వరగా విభజన చెందుతూ, జన్యు లోపాలకు లోనయ్యే స్థితిలో ఉంటాయి. 2012లో వెలువడిన 117 అధ్యయనాల ఉమ్మడి విశ్లేషణ ప్రకారం రజస్వల కావడం ఒక ఏడాది ముందైతే ముప్పు 5 శాతం పెరుగుతుంది. ముట్లుడగడం ఒక ఏడాది ఆలస్యమైతే సుమారు 3 శాతమే. అంటే హార్మోన్ల ప్రభావం ఎన్నేళ్లన్న లెక్క ఒక్కటే చాలదు, ఏ వయసులో అన్నదీ చూడాలి.

మెక్‌మాన్ లెక్కను త్వరగా పెళ్లి చేయమనే సలహాగా చదివితే ఘోరం జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో సుమారు 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. చిన్న వయసు కాన్పులు తల్లీబిడ్డల ప్రాణాలకే ప్రమాదం. మనం మార్చగలిగేది చనుపాల సంగతి. 30 దేశాల 47 అధ్యయనాలను కలిపి చూసిన 2002 నాటి విశ్లేషణలో, పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ ముప్పు 4.3 శాతం తగ్గింది. పాలివ్వాలంటే సెలవు కావాలి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చింది. పొలం కూలికి, ఇంటి పనిమనిషికి ఆ సెలవు ఎక్కడిది?

కాన్పు రక్షిస్తుందన్నది కూడా సగం నిజమే. 2019లో వచ్చిన ఉమ్మడి విశ్లేషణలో ప్రసవం తర్వాత ముప్పు ముందు పెరిగింది. సుమారు ఐదేళ్లకు పతాకస్థాయికి చేరి, పిల్లలు లేని వారికంటే 80 శాతం దాకా ఎక్కువైంది. రక్షణ కనిపించడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. పిల్లల్ని కనే వయసులో జబ్బే అరుదు కనుక అదనంగా జబ్బుపడేవారు కొద్దిమందే. అయినా వారే ఆలస్యంగా ఆస్పత్రికి చేరే ప్రమాదముంది. బాలింత రొమ్ములో గడ్డ తగిలితే పాలు గడ్డకట్టాయనుకుంటారు. చాలాసార్లు అదే నిజం. కానీ రెండు వారాలైనా కరగకపోతే అల్ట్రాసౌండ్ తీయించాలి, అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్షించాలి. వీటికోసం బిడ్డకు పాలు మాన్పించనక్కరలేదు.