జీపు నడుము

కమాను అనగానే మనకి గుర్తొచ్చేది గుమ్మం మీది వంపు. పాతకాలపు లోగిళ్ళలో వసారాకీ నడవకీ మధ్య ఇటుకలతో తిప్పిన అర్ధచంద్రం. మోటారు షెడ్డులో పనిచేసేవాళ్ళకి మాత్రం కమానంటే బండి కిందుండే ఉక్కు పట్టీల కట్ట. రెండూ ఒకటే మాట. పారశీకంలో కమాన్ అంటే విల్లు. ఇల్లు కట్టేవాడు ఆ విల్లుని గుమ్మం నెత్తిన పెట్టాడు. బండి కట్టేవాడు దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, దాని మీద మనుషుల్ని కూర్చోబెట్టాడు.

ఈ రెండో కమాను గురించి ఆడవాళ్ళ పేజీలో ఎందుకమ్మా అంటారేమో! కుదుపుకి ముందు తెలిసేది నడుముకే, ఆ నడుము ఎవరిదన్న సంగతి చరిత్రలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అందుకని.

చక్రం కనిపెట్టిన మనిషి కుదుపుని కూడా దానితోపాటే కనిపెట్టాడు. దాన్ని తప్పించుకోవడానికి మాత్రం వేల ఏళ్ళు పట్టింది. ఈజిప్టులో టూటంఖామన్ సమాధిలో దొరికిన రథాల అడుగుభాగం తోలు పట్టీలతో అల్లి ఉంది, అచ్చం మన నులకమంచంలా. రాజుగారు నిలబడేది ఆ అల్లిక మీద. యూరపులో అయితే ఎంత గొప్పవాళ్ళ బండి అయినా చాలాకాలం ఇరుసు మీద బిగించిన పెట్టె మాత్రమే. ఇంగ్లండు మహారాణి మొదటి ఎలిజబెత్ ఓసారి బండి వేగంగా తోలడంతో ఒళ్ళు హూనమైపోయిందని ఫ్రెంచి రాయబారి దగ్గర వాపోయిందట. రాజ్యమంతా తనదే, నడుం నొప్పికి మాత్రం మందు లేదు! హంగరీలో కోచ్ అనే ఊరుంది. బళ్ళ తయారీకి పెట్టింది పేరు. ఇంగ్లీషువాళ్ళ కోచ్ అన్న మాట ఆ ఊరిదే. రైల్లో మనం ఎక్కే కోచ్ కూడా అక్కడిదేనన్నమాట. తర్వాత్తర్వాత బండి పెట్టెని తోలు పట్టెలతో ఉయ్యాలలా వేలాడగట్టడం నేర్చారు. కుదుపు తగ్గింది, కానీ ఊగుడు పట్టుకుంది. వాంతులయ్యేవి.

1804లో లండనులో ఒబడయా ఎలియట్ అనే బళ్ళ తయారీదారు రెండు ఉక్కు విల్లుల్ని ఎదురెదురుగా పెట్టి, కొసలు కలిపి, నిమ్మకాయ ఆకారంలో ఒక కమానుకి పేటెంటు తీసుకున్నాడు. దానితో బండి కింద ముందు ఇరుసునుంచి వెనక ఇరుసు దాకా ఉండే పెద్ద దూలం అక్కర్లేకుండా పోయింది. బండి తేలికైంది, కిందికి దిగింది. పొడుగు గౌనులు వేసుకున్న దొరసానులు నిచ్చెన లేకుండా ఎక్కగలిగారు. మన జట్కా బండి కింద కనబడే కమాను కూడా ఈ కుటుంబంలోదే. జట్కాలో ముందుకి జరగండి, వెనక్కి జరగండి అని సాయిబు ఎందుకు అరిచేవాడో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

ఇక జీపు. 1940 వేసవిలో అమెరికా సైన్యం పావు టన్ను బరువు మోసే, నాలుగు చక్రాలకీ ఇంజిను బలం అందే బండి కావాలని 135 కంపెనీలకి ఉత్తరాలు రాసి, 49 రోజుల్లో నమూనా తయారు చెయ్యమంది. పెళ్ళి పందిరి వెయ్యడానికి కూడా మనకి అంతకంటే ఎక్కువ రోజులు కావాలి! బాంటం అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజినీరుని పిలిపించింది. అతను రెండు మూడు రోజుల్లో పటాలు గీసి పడేశాడు. సెప్టెంబరు నెలాఖరుకల్లా బండి సైన్యం గుమ్మంలో ఉంది. కానీ పని చేసినవాడొకడు, ఫలం అనుభవించినవాడొకడు. అంత చిన్న కంపెనీ లక్షల బళ్ళు చెయ్యలేదని సైన్యం పెద్ద ఆర్డర్లన్నీ విల్లీస్‌కీ ఫోర్డుకీ ఇచ్చేసింది. యుద్ధం ముగిసేలోగా ఆ రెండూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి.

ఆ జీపుకి నాలుగు చక్రాలకీ నాలుగు కమాన్లు. ఇంకా మెత్తటి ఏర్పాట్లు అప్పటికే లేకపోలేదు, కానీ యుద్ధభూమిలో విరిగితే కొలిమి ఉన్న ఏ ఊళ్ళోనైనా బాగుపడేది కమాను ఒక్కటే. తమాషా ఏమిటంటే, అమెరికా జీపులో డ్రైవరు కూర్చునేది ఎడమవైపు, పెట్రోలు ట్యాంకు ఉండేదీ ఆయన సీటు కిందే. అంచేత ముందు ఎడమ కమానుని కుడిదానికంటే కాస్త గట్టిగా చేసేవారు. డ్రైవరు బరువుని కాగితం మీదే లెక్క వేసి, ఆయన వైపు బండి ఒరగకుండా జాగ్రత్తపడ్డారు. వెనక కూర్చునేవాళ్ళని అంత జాగ్రత్తగా తలుచుకున్నట్టు కనబడదు.

మన దేశానికి జీపు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి, యుద్ధం అయ్యాక మిగిలిన బళ్ళని వేలం వేసిన డిస్పోజల్ దారి. రెండోది మహీంద్రా సోదరుల దారి. 1945లో వాళ్ళు గులాం మహమ్మద్‌గారితో కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ అని ఉక్కు వ్యాపారం పెట్టారు. దేశవిభజన తర్వాత ఆయన పాకిస్తానుకి మొదటి ఆర్థికమంత్రిగా, ఆపైన గవర్నర్ జనరల్‌గా వెళ్ళారు. ఇక్కడ 1948లో బోర్డు మీద మహమ్మద్ పోయి మరో మహీంద్రా వచ్చింది. బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు దింపి బిగించడం మొదలుపెట్టింది ఆ కంపెనీయే. ఆ జీపు వంశం ఎన్నో పేర్లు మార్చుకుంటూ దాదాపు 2010 దాకా మన రోడ్ల మీదికి వస్తూనే ఉంది.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. పల్లెలన్నిటినీ బ్లాకులుగా విడదీశారు. బ్లాకుకో అధికారి, అధికారికో జీపు. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక బ్లాకు జీపు సమితి జీపు అయింది. 1980ల నడుమ మండలాలు వచ్చేదాకా పల్లెలో ప్రభుత్వం అంటే ఆ జీపే. దుమ్ము లేచిందంటే ప్రభుత్వం వస్తున్నట్టు. 1970ల నాటి మన నవలల్లో నాయకుడు ఎంత ఠీవిగా జీపు దిగేవాడో మీకు చెప్పనక్కర్లేదు. నల్ల కళ్ళద్దాలు, మడిచిన చొక్కా చేతులు, నాయిక గుండె దడదడ. ఆ జీపులో వెనక ఎవరు కూర్చుని వచ్చారో ఏ రచయిత్రీ రాసినట్టు లేదు.

వెనక మా పెద్దమ్మ కూర్చునేది. 1960లలో, 70లలో ఆవిడ గ్రామసేవికగా పనిచేసింది. పొగలేని పొయ్యిలు, బాలింతల ఆహారం, కుటుంబ నియంత్రణ సభలు, అన్నిటికీ ఆ జీపే. "ముందు సీటు బి.డి.వో. గారిదే. మాది వెనక బల్ల. గుడ్డసంచిలో కాగితాలు ఉండేవో లేదో గానీ దిండు మాత్రం ఉండేది" అనేది. ఆ వెనక బల్లలు సరిగ్గా వెనక చక్రాల మీద, ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. ముందు సీటు రెండు ఇరుసుల మధ్యన ఉంటుంది కాబట్టి గుంటలో దిగిన దెబ్బ అక్కడికి సగం అయి చేరుతుంది. ఇరుసు నెత్తిన కూర్చున్నవాళ్ళకి పూర్తిగా అందుతుంది. పైగా పక్కకి తిరిగి కూర్చోవడం.

వాళ్ళ జీపుకి వెనక కమాన్లు కూర్చుండిపోయాయట. కొత్తవి కావాలని డ్రైవరు చెప్తూనే ఉన్నాడు, కాగితం కదిలేది కాదు. కదిలించవలసిన ఆయనకి ముందు సీటులో కుదుపు తెలిస్తే గదా! ఆరో నెల గర్భిణి అయిన తోటి గ్రామసేవిక ఒకావిడ ఆ జీపు ఎక్కనని చెప్పి, వేసవి ఎండలో ఊరినుంచి ఊరికి నడిచే వెళ్ళేదట. బాలింతలకి ఏం తినాలో చెప్పడానికి! పెద్దమ్మ ఈ సంగతి నవ్వుతూనే చెప్పేది, నాకు మాత్రం వినగా వినగా నవ్వు పోయింది.

కమాను కూర్చుండిపోవడమంటే ఏమిటో నేను కళ్ళారా చూశాను. మా బంధువుల పాత జీపు ఒకటి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డుకి వెళ్తే నేనూ వెంటపడి వెళ్ళాను. అక్కడి మేస్త్రీకి డెబ్భై ఏళ్ళుంటాయి. నాకోసం ఇనప స్టూలు తుడిపించి, "ఇక్కడేం చూస్తారమ్మా, మసి తప్ప?" అన్నాడు. చూసినకొద్దీ నాకు స్టూలు మీదినుంచి లేవబుద్ధి కాలేదు.

జాకీ ఎత్తి, చాసీ కింద దిమ్మలు పెట్టి, చక్రాలు ఊడదీశారు. కమానుని ఇరుసుకి బిగించి ఉంచేవి యూ బోల్టులు. తుప్పు పట్టి ఒక పట్టాన వదల్లేదు. ఒకసారి విప్పినవాటిని మళ్ళీ వాడకూడదట, సాగి ఉంటాయి. కమాను ఒక చివర చాసీకి గట్టిగా తగిలించి ఉంటుంది, రెండో చివర షేకిల్ అనే ఊగే లంకె. ఎందుకంటే బరువు పడ్డప్పుడు విల్లు చదునై పొడుగు సాగుతుంది, ఆ పొడుగుకి చోటు కావాలి. కట్ట బయటికి తీశాక మేస్త్రీ రెండు చెవుల మధ్య దారం లాగి పట్టి, దాని కింద లోతుని వేళ్ళతో కొలిచాడు. పక్కన కొత్తదాన్నీ అలాగే కొలిచాడు. నాలుగు వేళ్ళ తేడా!

"విరగలేదుగా మేస్త్రీగారూ, మళ్ళీ వంచి వెయ్యకూడదూ?" అన్నాను.

"వెయ్యొచ్చమ్మా. సుత్తితో కొట్టి వంపు తెస్తారు. బేరానికి నిలబడుద్ది, బరువుకి నిలబడదు. కొన్నాళ్ళకి మళ్ళీ కూర్చుంటది. కొలిమిలో ఎర్రగా కాల్చారా, పదును పోద్ది, అప్పుడు అది ఉత్త ఇనుము."

ఏళ్ళ తరబడి బరువు మోస్తూ, లక్షలసార్లు వంగి లేచిన ఉక్కు విరక్కుండానే కూర్చుండిపోవచ్చు. ప్రతిసారీ కనబడనంత తక్కువగా, పూర్తిగా వెనక్కి రావడం మానేస్తుంది. అంతే. ఒక పక్కదే పాడైనా రెండు పక్కలా మారుస్తారు, లేకపోతే కొత్తది పైకి, పాతది కిందికి అయి బండి వంకరగా నిలబడుతుంది. అన్నిటికంటే నాకు నచ్చిన జాగ్రత్త ఇంకొకటి. చివర్లలో రబ్బరు బుష్షులున్న బోల్టుల్ని బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేలకి ఆని, బరువు పడ్డాకే బిగించాలి. ముందే బిగిస్తే ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరిగిపోతుంది.

షాక్ అబ్సార్బరు సంగతి వేరు. మేస్త్రీ భాషలో షాకప్. కమాను కుదుపుని మింగుతుంది గానీ ఊరుకోదు, ఉయ్యాల ఊపి వదిలేసినట్టు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆపే చెయ్యి షాకప్. 20వ శతాబ్దం మొదట్లో ట్రూఫో అనే ఫ్రెంచివాడు రాపిడితో పనిచేసేదాన్ని చేస్తే, హార్ట్‌ఫర్డ్ అనే అమెరికన్ దాన్ని తన దేశంలో అమ్మాడు. అయినా 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టీకి కంపెనీవాళ్ళు అసలు షాకప్‌లే ఇవ్వలేదు. జీపు నాటికి నూనెతో పనిచేసే గొట్టాలు వచ్చేశాయి. దాని లోపలి కిటుకు మన వంటింట్లోదే. జంతికల గొట్టం! మెల్లిగా నొక్కితే పిండి సన్నటి చిల్లుల్లోంచి సాఫీగా దిగుతుంది, ఒక్కసారిగా నొక్కామా, చెయ్యి నొప్పి పుట్టేలా ఎదురుతిరుగుతుంది. అక్కడ పిండి బదులు నూనె. కుదుపులో ఉన్న బలమంతా ఆ నూనెని తోయడంలో ఖర్చయి వేడిగా మారుతుంది. గతుకుల రోడ్డు మీదినుంచి వచ్చిన బండి షాకప్ ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. మీ ఇంటి కారు బాగుందో లేదో చూడాలంటే మూల మీద గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే సరే. అదేపనిగా ఊగుతుంటే నూనె కారిపోయి ఉంటుంది.

ఊడదీసిన పట్టీలు పారెయ్యరు. మంచి ఉక్కు గనక కంసాలి కాకపోయినా కమ్మరి కళ్ళకద్దుకుని తీసుకుపోతాడు. కొడవళ్ళు, కొబ్బరికాయలు కొట్టే కత్తులు, కత్తిపీటలు దానితో చేస్తారు. మీరు వంకాయలు తరిగే కత్తిపీట ఒకప్పుడు ఏ లారీనో మోసి ఉంటుంది.

కొత్త బళ్ళు కమాన్లని వదిలేస్తున్నాయి. అమెరికాలో రాంగ్లర్ జీపు 1996లోనే చుట్ట స్ప్రింగులకి మారింది. మన థార్‌కి 2020లో వచ్చిన కొత్త రూపంలో వెనక కూడా చుట్ట స్ప్రింగులే. వీకెండులో కొండలెక్కే కుర్రాళ్ళకి అది సుఖం. ఏజెన్సీలో తిరిగే సర్వీసు జీపులకి మాత్రం లెక్క వేరు. అరకు, పాడేరు వైపు సంత రోజున పసుపు బస్తాలు, కోళ్ళ గంపలు, చంటిపిల్లల తల్లులు అందరూ దానిలోనే. అంత బరువుకి కమాను కూర్చుండిపోకుండా అదనంగా పట్టీలు చేర్పిస్తారు. నిండుగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. ఖాళీగా వెళ్ళేటప్పుడు ఆ గట్టి కమాను వంగదు గాక వంగదు, రాయి తగిలిన ప్రతిసారీ ఎగరేసి కొడుతుంది. రాత్రివేళ నొప్పులొచ్చిన మనిషిని ఒక్కదాన్నే ఎక్కించుకుని వెళ్ళేది అలాంటి ఖాళీ జీపులోనే.

2005 ఆగస్టులో 108 అంబులెన్సులు వచ్చాక చాలామందికి ఆ బాధ తప్పింది. రోడ్డు ఉన్నంతవరకు. రోడ్డు లేని కొండ ఊళ్ళలో వెదురు బొంగుకి దుప్పటి కట్టి, అందులో గర్భిణిని పడుకోబెట్టి, రోడ్డు దాకా మోసుకొస్తారు. డోలీ అంటారు. ఆ బొంగు అడుగడుక్కీ కొద్దిగా వంగి లేస్తుంది. మోసేవాళ్ళిద్దరూ ఒకే అడుగు వెయ్యరు, వేస్తే డోలీ ఊపందుకుంటుందని కావాలనే అడుగు తప్పించి నడుస్తారు. వాగు దాటేటప్పుడు మాత్రం ఆగి, భుజం మార్చుకుంటారు.