పిల్లల చేతిలో అచ్చుబొమ్మ

అచ్చుబొమ్మకు నీటిరంగు వేసే పని పిల్లలకు మొదట పాఠంగా రాలేదు, కూలిపనిగా వచ్చింది. 19వ శతాబ్దం తొలినాళ్లలో లండన్ ప్రచురణకర్తలు బాలల పుస్తకాల బొమ్మలను రాగిరేకుల మీదో చెక్కదిమ్మల మీదో చెక్కించి, నల్లసిరాతో అచ్చు తీసేవారు. రంగులద్దే పని చాలాచోట్ల పిల్లలదే. బల్ల చుట్టూ ఒక్కొక్కరికి ఒక్కో రంగు. ఒకరు ఎరుపు పూసి కాగితం జరిపితే, పక్కవారు నీలం పూసేవారు. ఇంట్లో ఆడుకునే బొమ్మల నాటకాల కాగితాలు రంగు లేనివి ఒక పెన్నీ, రంగు వేసినవి రెండు పెన్నీలు.

అచ్చుకూ నీటిరంగుకూ జోడీ కుదిరింది సిరా వల్ల. నూనెతో కలిపిన అచ్చుసిరా ఆరాక, పైన నీటిరంగు ఎంత పూసినా గీత చెదరదు. నీటిసిరా అయితే గీత కరిగి రంగులో కలిసిపోతుంది. నేటి బడిపిల్లల బొమ్మలు బురదరంగుకు తిరిగేది చాలావరకు ఇక్కడే. నీటిరంగుల బిళ్లలు అప్పటికే దొరికేవి. వాటికి రీవ్స్ సోదరులు 1781లోనే లండన్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ బహుమతి అందుకున్నారు.

పిల్లలు సొంతంగా చెక్కడానికి మాత్రం చెక్క మొండిది. దానిలోని నారపోగులు ఉలిని దారి తప్పిస్తాయి. 1860లలో ఫ్రెడరిక్ వాల్టన్ అవిసెనూనె, కార్క్ పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచి లినోలియం తయారుచేశాడు. అది నేల మీద పరిచే సరుకు. అందులో పోగుల్లేవు, చిన్న చేతికీ తెగుతుంది. కాస్త వెచ్చచేస్తే ఇంకా మెత్తబడుతుంది.

దాన్ని పిల్లల చేతికిచ్చిన తొలితరం గురువుల్లో ముఖ్యుడు ఫ్రాంజ్ చిజెక్. నమూనా చూసి గీయించడమే బోధనగా చెల్లుతున్న కాలంలో, 1897లో ఆయన వియన్నాలో పిల్లల కళా తరగతి తెరిచాడు. అక్కడి బొమ్మలు 1920లో లండన్‌లో ప్రదర్శనకు వచ్చి, తర్వాత బ్రిటన్‌లోని ఇతర ఊళ్లూ అమెరికా కూడా తిరిగాయి. తాను ఏమీ నేర్పనని చిజెక్ అనేవాడు గానీ, ఆ బొమ్మల్లో ఒకదానికొకటి ఉన్న పోలిక చూస్తే ఆ మాట పూర్తిగా నమ్మడం కష్టం. 1926 నుంచి లండన్ గ్రోవెనర్ స్కూల్‌లో పెద్దలకు లినోకట్ (లినోలియం చెక్కి అచ్చు తీయడం) నేర్పిన క్లాడ్ ఫ్లైట్ మీద ఈ పిల్లల పని ప్రభావం ఉంది.

జపాన్ దారి వేరు. తానే గీసి, తానే చెక్కి, తానే అచ్చు వేసిన ‘జాలరి’ చిత్రంతో 1904లో పేరు తెచ్చుకున్న యమమోతో కనాయే, 1919లో నగానో ప్రాంతంలో బాలల స్వేచ్ఛాచిత్ర ఉద్యమం మొదలుపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడి ప్రాథమిక బడుల్లో అచ్చుబొమ్మ మామూలు పాఠమైంది: చిన్న తరగతులవారు కత్తిరించిన కాగితం ముక్కలు అట్టకు అంటించి అచ్చు తీస్తారు, పెద్ద తరగతులవారు చెక్కనే చెక్కుతారు.