గాలి కొలిచిన బొటనవేలు

సైకిలు టైరులో గాలి ఎంత ఉండాలో చెప్పడానికి మన సైకిలు షాపుల్లో చిరకాలం అంకె అన్నది లేదు. పంపు కొట్టినవాడు టైరును బొటనవేలితో నొక్కి చూసి "చాలు" అనేవాడు. ఆ మాటే ప్రమాణం. ఈ పద్ధతిని మన అశాస్త్రీయతకు నిదర్శనంగా చెప్పేవారిని చాలామందిని చూశాను. అది అన్యాయమైన తీర్పు అని నా మనవి. ఎందుకో చెప్పాలంటే కథ కొంచెం వెనుకనుంచి ఎత్తుకోవాలి.

గాలి టైరు అనగానే డన్లప్ పేరు నోటికి వస్తుంది. నిజానికి ఆ కీర్తిలో తొలి వాటా రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు యువకునిది. 1845లో, ఇరవైమూడేళ్ళ వయసులో, ఆయన గాలి నింపిన చక్రానికి పేటెంటు పొందాడు. లోపల రబ్బరు పట్టించిన గుడ్డగొట్టం, దానిపైన తోలు తొడుగు. 1847లో లండను రీజెంట్స్ పార్కులో వాటిని గుర్రపు బండి చక్రాలకు తొడిగి నడిపి చూపాడు. కాని పెడళ్ళ సైకిలు జనంలోకి రావడానికి ఇంకా ఇరవై ఏళ్ళు ఉంది. అవసరానికి ముందే పుట్టిన ఆ చక్రాన్ని లోకం మరచిపోయింది.

తరువాత 1887లో, బెల్‌ఫాస్టు నగరంలో పశువైద్యం చేసే జాన్ బాయిడ్ డన్లప్, తన కొడుకు తొక్కే మూడు చక్రాల బండి రాళ్ళు పరచిన వీథుల్లో ఎగిరెగిరి పడకుండా ఉపాయం ఆలోచించాడు. కొయ్యచక్రానికి పలుచని రబ్బరు గొట్టం చుట్టి, ఫుట్‌బాలుకు గాలి కొట్టే పంపుతో నింపాడు. దానినీ, బండి మామూలు చక్రాన్నీ పెరటిలో దొర్లించి చూడగా, మామూలు చక్రం మధ్యలోనే ఒరిగింది. గాలి చక్రం పెరడు దాటి గేటుకు పోయి తగిలింది. 1888 డిసెంబరులో పేటెంటు వచ్చింది. 1890లో థామ్సన్ పాత పేటెంటు వెలుగు చూడడంతో అది చెల్లకుండా పోయింది. అయినా పేరు మాత్రం డన్లప్‌దే నిలిచింది! ఒక్కటి గమనించండి: ఈ కథలో గొట్టం ఉంది, పంపు ఉంది, కొలిచే సాధనం ఎక్కడా కనబడదు.

మన నల్ల సైకిళ్ళ దాకా ఆ లోటు అలాగే వచ్చింది. కారణం వాల్వు. పందొమ్మిదవ శతాబ్ది చివర ఇంగ్లండులో పుట్టిన వుడ్స్ వాల్వునే మన సైకిళ్ళు తరాల తరబడి వాడుకున్నాయి. దాని ప్రాణమంతా చిటికెనవేలంత రబ్బరు గొట్టంలో ఉంటుంది. మన షాపువాళ్ళ భాషలో వాల్‌ట్యూబు. ('వాల్వు'లోని చివరి వకారాన్ని మన నాలుక మింగేసింది. పలకడానికి అదే సుఖం.) పంపు గాలి ఆ రబ్బరును పక్కకు తోసుకుని లోపలికి పోతుంది, లోపలి గాలి దానినే వెనక్కి నొక్కి దారి మూస్తుంది. కనుక లోపలి ఒత్తిడి బయటకు తెలిసే మార్గమే లేదు. గేజి పెట్టినా అది చూపేది పంపులోని ఒత్తిడి, రబ్బరు బిగువుతో కలిసిన లెక్క. అటువంటి చోట బొటనవేలిని నమ్మక ఏం చేస్తారు? టైరు చేసినవారు మాత్రం ఏం చెప్పారు గనుక! చాలా పాత టైర్ల అంచున పౌన్ల లెక్కకు బదులు 'ఇన్‌ఫ్లేట్ హార్డ్', అంటే గట్టిగా నింపుము, అని అచ్చుపోసి ఉండేది. ఎంత గట్టిగా అన్నది కొన్నవాడి తంటా.

నేను ముప్పై ఏళ్ళు సైకిలు మీదే బడికి వెళ్ళాను. మా ఊరి షాపు పెద్దాయన పంపు అందుకునే ముందు "మీరొక్కరేనా మాస్టారూ, వెనకాల ఎవరైనా కూర్చుంటారా?" అని అడిగేవాడు. పాలక్యాన్లు కట్టే సైకిలుకు వెనుక చక్రంలో నాలుగైదు పంపులు ఎక్కువ కొట్టేవాడు. గతుకుల దారిన పోయేవాడికి కాస్త తగ్గించేవాడు.

ఆ ప్రశ్నలోనే శాస్త్రమంతా ఉంది. వెనుక చక్రంపై 56 కిలోల బరువు పడుతున్నదనుకుందాం. టైరులో చదరపు అంగుళానికి 40 పౌన్ల గాలి ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు 2.8 కిలోలు, టైరు నేలను తాకే జాగా సుమారు 20 చదరపు సెంటీమీటర్లు. వెనుక మరొకరు ఎక్కి ఆ బరువు రెట్టింపయితే, అదే గాలితో ఆ జాగా కూడా ఇంచుమించు రెట్టింపు కావాలి. టైరు చదునవుతుంది, రాయి తగిలితే రిమ్ముకూ రాతికీ నడుమ ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు బెజ్జాలు పడతాయి. పాశ్చాత్యులు దీనిని పాముకాటు అంటారు, చక్కని పేరు. ఇక బరువుకు మించి గాలి కొడితే ప్రతి గులకరాయీ వెన్నెముకకు తెలుస్తుంది.

అమెరికాలో సైకిళ్ళ గురించి విస్తారంగా రాసిన ఫ్రాంక్ బెర్టో టైర్లను కొలిచి ఒక సూత్రం చెప్పాడు: మనిషి ఎక్కినప్పుడు టైరు తన ఎత్తులో 15 శాతం కుంగేటంత గాలి సరైనది. బరువును బట్టి, టైరు వెడల్పును బట్టి ఆయన పట్టికలు కట్టాడు. గాలి ఎంత ఎక్కువైతే అంత వేగం అన్న నమ్మకం గరుకు దారిలో నిలవదని యాన్ హైనె వంటివారు ఈ శతాబ్ది తొలి దశకంలో పరీక్షలు చేసి చూపారు. కఠినమైన టైరు మనిషినే ఎగరేసి కుదుపుతుంది గనుక, ఆ కుదుపులో కొంత శక్తి వృథా అవుతుంది. మా షాపు పెద్దాయన ఈ పట్టికలు చూడలేదు. చూసి ఉంటే పెద్దగా ఆశ్చర్యపడేవాడు కాదనుకుంటాను.

ఇప్పటి గేరు సైకిళ్ళకు మోటారుసైకిలు తరహా వాల్వులే ఎక్కువ. వాటికి గేజి చక్కగా పనిచేస్తుంది. పాత నల్ల సైకిలు ఉన్నవారికి మాత్రం స్కేలే గేజి. అంగుళంన్నర టైరు అంటే సుమారు 38 మిల్లీమీటర్ల ఎత్తు. సైకిలును గోడకు ఆనించి, మీరెక్కి కూర్చుని, వెనుక టైరు నేలను తాకే చోట రిమ్ము అంచు నేలకు ఎంత దిగిందో ఎవరిచేతనైనా కొలిపించండి. ఆరు మిల్లీమీటర్లు దిగితే సరిపోయినట్టే. క్యారియరు మీద బియ్యం బస్తా వేసుకునేవారు బస్తాతో సహా కొలుచుకోవాలి.