కేంబ్రిడ్జిలో గతిశాస్త్రం లెక్కగా మారిన వైనం

డిగ్రీ విద్యార్థి యాంత్రిక శాస్త్రం నేర్చుకోవడమంటే లెక్కలు చేయడమే అన్న పద్ధతి ప్రధానంగా కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. అక్కడి ఆచార్యుడు న్యూటన్ రాసిన 'ప్రిన్సిపియా' 1687లో వెలువడింది. రేఖాగణిత పద్ధతిలో సాగే ఆ గ్రంథం పండితులకే కొరుకుడు పడేది కాదు. పైగా అప్పటి విద్యార్థి తన చదువును లాటిన్‌లో వాదించి నిరూపించుకోవాలి. ఒకరు ప్రతిపాదిస్తే మరొకరు ఖండించేవారు. గణిత ఆనర్స్‌లో ప్రథమ శ్రేణివారికి వాదించేవాడనే అర్థంలో 'రాంగ్లర్' అన్న పేరు అలా వచ్చిందే. 18వ శతాబ్దం గడిచేకొద్దీ సెనేట్ హౌస్‌లో జరిగే రాతపరీక్ష ఈ వాదాలను వెనక్కి నెట్టింది.

ఈలోగా ఐరోపాలోని మిగతా గణితజ్ఞులు చాలా ముందుకు వెళ్లారు. ఆయిలర్ 1736లోనే గతిశాస్త్రాన్ని కలన గణితంలోకి తెచ్చాడు. లగ్రాంజ్ 1788 నాటి తన గ్రంథంలో ఒక్క బొమ్మ కూడా ఉండదని ముందుమాటలోనే చెప్పుకున్నాడు. న్యూటన్ మీది గౌరవంతో కేంబ్రిడ్జి మాత్రం కలన గణితంలో ఆయన వాడిన చుక్కల సంకేతాలనే పట్టుకుని ఉండిపోయింది. 1812లో బాబేజ్, హెర్షెల్, పీకాక్ విద్యార్థులుగా ఉండగానే అనలిటికల్ సొసైటీ పెట్టి లైబ్నిట్జ్ సంకేతాల కోసం పట్టుబట్టారు. 1817లో పీకాక్ పరీక్షాధికారి అయ్యాక వాటిని నేరుగా ప్రశ్నపత్రంలోకే ఎక్కించాడు. విద్యార్థులు ఏం చదవాలో ప్రశ్నపత్రమే నిర్ణయించే చోట అంతకన్నా సూటి మార్గం లేదు. రెండేళ్లకు వ్యూయెల్ రాసిన యాంత్రిక శాస్త్ర పాఠ్యపుస్తకం వచ్చింది. పాత చుక్క పూర్తిగా పోలేదు. కాలంతో పాటు రాశి మారే రేటును చూపడానికి గతిశాస్త్రంలో నేటికీ దాన్నే అక్షరం నెత్తిన పెడతారు.

పరీక్ష మాత్రం ఏటికేడు బరువెక్కింది. 1854లో అది 8 రోజులు సాగింది. 16 పత్రాలు, 211 ప్రశ్నలు, మొత్తం నలభై నాలుగున్నర గంటలు. కళాశాల పాఠాలు ఇందుకు చాలక విద్యార్థులు డబ్బిచ్చి ప్రైవేటు చెప్పించుకునేవారు. స్టోక్స్, కెల్విన్, మాక్స్‌వెల్ ముగ్గురూ విలియం హాప్కిన్స్ దగ్గర చదివినవారే. ఆ 1854 పరీక్షలో మాక్స్‌వెల్‌ది రెండో స్థానం. మొదటి స్థానం ఎడ్వర్డ్ రౌత్‌ది.

తర్వాత మూడు దశాబ్దాలకు పైగా ప్రైవేటు చెప్పడంలో రౌత్‌కు సాటి లేదు. ఆయన దగ్గర 600 మందికి పైగా చదివారు. వారిలో పాతిక మందికి పైగా ప్రథములుగా నిలిచారు. రేలీ, జె.జె. థామ్సన్ ఆయన శిష్యులే. కొద్దిమందిని కూర్చోబెట్టి పాఠం చెప్పడం, లెక్కలు ఇవ్వడం, చేసి తెచ్చినవి దిద్దడం, ఇదే ఆయన పద్ధతి. 1860లో దృఢవస్తువుల గతిశాస్త్రంపై ఆయన రాసిన పుస్తకంలోనూ అభ్యాసాలదే పెద్ద పీట. ఆయనను పరీక్షల గురువుగా మాత్రమే చూడడం అన్యాయం. చలన స్థిరత్వంపై పరిశోధనకు 1877లో ఆడమ్స్ బహుమతి పొందాడు. ఒక నిరూపకం శక్తి సమీకరణాల్లో నేరుగా కనిపించనప్పుడు దాన్ని తొలగించి లెక్కను తేలిక చేసే ప్రమేయానికి ఆయన పేరే ఉంది.

1890లో ఇదే పరీక్షలో ఫిలిప్పా ఫాసెట్ అనే విద్యార్థిని ప్రథముడిని మించి మార్కులు తెచ్చుకుంది. స్త్రీ కాబట్టి ర్యాంకు ఇవ్వలేదు, డిగ్రీ అసలే లేదు. కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తి డిగ్రీలు ఇచ్చింది 1948లో. 1899లో ఆర్.పి. పరాంజపే ప్రథమ స్థానాన్ని మరొకరితో పంచుకుని, ఆ ఘనత పొందిన తొలి భారతీయుడయ్యాడు. ర్యాంకుల వరుస ప్రకటించడం 1909తో ఆగింది.

లెక్కలు మాత్రం ఆగలేదు. 1882లో మూడో రాంగ్లర్‌గా నిలిచిన ఎస్.ఎల్. లోనీ రాసిన స్థితిశాస్త్ర, గతిశాస్త్ర పుస్తకాలు భారతదేశంలో తరతరాల విద్యార్థుల చేతుల్లో నలిగాయి. కప్పీ మీది బరువులు, వాలుతలం మీద జారే దిమ్మ, గోడకు ఆనించిన నిచ్చెన వాటి నుంచే ఇక్కడి తరగతి గదుల్లో స్థిరపడ్డాయి.